గోడకు నెమ్మెక్కితే: మూలం పట్టడం, చెమ్మ ఆపడం, చౌడు దింపడం

కింది అంతస్తు గోడ అడుగున రంగు పొక్కుతుంది, గోకితే తెల్లటి పొడి రాలుతుంది, ఏటా అదే చోట పెచ్చులూడతాయి. చాలామంది వెంటనే ఆ భాగం గీకించి, పుట్టీ పెట్టించి, వాటర్‌ప్రూఫ్ రంగు వేయిస్తారు. ఏడాది తిరక్కుండానే మచ్చ మళ్లీ వస్తుంది, ఈసారి జానెడు పైకి. గోడలోకి నీరు రావడం ఆగలేదు, బయటికి పోయే దారి మాత్రం మూసుకుపోయింది. ఈ జబ్బుకు చేసే వైద్యమంతా ఒక వరసలో సాగాలి: నీరు ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోవడం, దాన్ని ఆపడం, గోడలో చేరిన ఉప్పును తీసేయడం, గోడను ఆరనివ్వడం. రంగు సంగతి అన్నిటికన్నా ఆఖరున.

గోడలో ఏం జరుగుతోంది

ఇటుకలో, ఇటుకలను అతికే మాలులో, మెత్తటి రాళ్లలో కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. తడినేలను తాకుతున్న గోడలో ఆ రంధ్రాల వెంట నీరు తనంతట తానే పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్నమైతే అంత ఎత్తుకు. 0.01 మి.మీ. వ్యాసార్థం ఉన్న రంధ్రంలో లెక్కప్రకారం దాదాపు 1.5 మీటర్లు ఎక్కగలదు. అయితే కట్టిన గోడలో చెమ్మ ఎత్తును తేల్చేది ఆరుదల. కిందినుంచి వచ్చే నీరంతా గోడ రెండు ముఖాల నుంచి ఆవిరైపోయే ఎత్తు దగ్గర చెమ్మ నిలబడిపోతుంది. మామూలుగా అది నేల నుంచి మీటరు ఎత్తు లోపే. నడుము ఎత్తున టైల్స్ అంటించినా, గట్టి సిమెంటు పూత వేసినా, ప్లాస్టిక్ రంగు పూసినా ఆవిరికి దారి ఉండదు. అప్పుడు ఆ అడ్డు దాటేదాకా చెమ్మ పైకెక్కుతుంది. టైల్స్ పైఅంచున కొత్త మచ్చ తేలడానికి కారణం ఇదే.

నీరు ఒంటరిగా రాదు. నేలలోని నైట్రేట్లు, క్లోరైడ్లు, సల్ఫేట్లు అనే ఉప్పులను కరిగించుకుని వస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు గోడలోనే ఉండిపోతుంది. సల్ఫేట్లు స్ఫటికాలుగా మారేటప్పుడు పూతను లోపలినుంచి తోసి పగలగొడతాయి. పెచ్చులూడేది అందుకే. నైట్రేట్లు, క్లోరైడ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరగడం మొదలుపెడుతుంది, కాల్షియం నైట్రేట్‌కు 50 శాతం చుట్టుపక్కలే చాలు. కాబట్టి కిందినుంచి నీరు పూర్తిగా ఆగినా, పాత పూత అలాగే ఉంచితే ముసురు పట్టినప్పుడల్లా గోడ తడిగానే కనిపిస్తుంది. చెమ్మ ఆపడానికి గోడలోకి ఎక్కించిన "మందు పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి.

ఇది నేల చెమ్మేనా?

అడుగున తడి కనిపించిన ప్రతి గోడా నేలనుంచి పీల్చుకున్నది కాదు. నిజానికి పైపు లీకులు, వాన చిందులు, గోడ మీద చెమర్చే గాలి తేమ, ఈ మూడింటినీ నేల చెమ్మ అనుకుని మందు కోసం గోడలకు తూట్లు పొడిపించుకున్నవాళ్లు చాలామంది.

నేల చెమ్మకు ఒక తీరు ఉంటుంది. గోడ పొడవునా పట్టీలా సాగుతుంది. అడుగున ఎక్కువ తడి, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. పైఅంచున గోధుమరంగు గీతో, తెల్లటి చౌడు గీతో ఉంటుంది. పై అంతస్తులో ఉండదు. ఇంకో గుర్తు: నైట్రేట్లు, క్లోరైడ్లు పట్టిన చోట బూజు అంతగా బతకదు. గోడ మూలల్లో, బీరువాల వెనక నల్లటి బూజు కనిపిస్తే అది చాలావరకు గాలిలోని తేమ చల్లటి గోడ మీద చెమర్చడం వల్ల వచ్చింది. దానికి గాలి ఆడేలా చేయడమే మందు. మచ్చ పట్టీలా కాకుండా గుండ్రంగా ఒకే చోట ఉంటే, అవతల స్నానాలగదో వంటింటి తొట్టో ఉంటే, ముందు పైపును అనుమానించండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు రీడింగ్ రాసుకుని పొద్దున్నే మళ్లీ చూస్తే సరఫరా పైపు లీకు తెలిసిపోతుంది. మురుగు పైపు లీకు మాత్రం మీటరులో కనపడదు. దానికి తొట్టిలో రంగునీళ్లు పోసి చూడాలి.

చెమర్చడమా, గోడ లోపలి తడా అన్నది తేలకపోతే చిన్న పరీక్ష ఉంది. రంగూ పొట్టూ గీకిన చోట 30 సెం.మీ. చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. గదివైపు నీటిబొట్లు ఉంటే గాలి తేమ. గోడవైపు ఉంటే తడి లోపలినుంచే వస్తోంది. అది నేలనుంచా, పైపునుంచా అన్నది మాత్రం ఈ పరీక్ష చెప్పదు.

సూదులు గుచ్చే తేమ మీటరు రీడింగ్ చూపించి ఎవరైనా తొందరపెడితే తొందరపడకండి. ఆ మీటర్లు కొలిచేది విద్యుత్తు ప్రవాహాన్ని. వాటి అంకెలు కలపకు సరిపడేలా పెట్టినవి. ఉప్పు పట్టిన గోడ ఎండిపోయినా అవి ఎక్కువే చూపిస్తాయి. ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని పోల్చుకోవడానికి పనికొస్తాయి, నిర్ధారణకు కాదు.

గట్టి నిర్ధారణ కావాలంటే గోడలోంచి పొడి తీసి తూచాలి. ఓపిక ఉంటే ఇంట్లోనూ చేయవచ్చు. 9 లేదా 10 మి.మీ. బిట్‌తో, వేడెక్కకుండా నెమ్మదిగా, ఇటుకల మధ్య మాలులోకి తొలవండి. పూతను, మొదటి 1 సెం.మీ. పొడిని పారేసి ఆ తరవాతి పొడిని చిన్న డబ్బాలో పట్టి వెంటనే మూత పెట్టండి. నేల దగ్గర మొదలుపెట్టి 20–30 సెం.మీ.కి ఒకటి చొప్పున మచ్చ దాటి పైదాకా తీయాలి. ఒక్కో నమూనాను 0.01 గ్రాము చూపే త్రాసులో తూచండి. తరవాత అడుగున ఉప్పుపొడి ఇంకా మిగిలి ఉండేంత చిక్కటి ఉప్పునీళ్లు పోసిన పెద్ద డబ్బాలో, నీటిని తాకకుండా, మూతలు తీసి పెట్టండి. ఆ డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో బరువు మారడం ఆగాక మళ్లీ తూచండి. చివరగా 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూచండి. మొదటి బరువులోంచి ఎండిన బరువు తీసేస్తే గోడలో ఉన్న మొత్తం తేమ. రెండో బరువులోంచి తీసేస్తే ఉప్పు గాలినుంచి లాక్కోగల తేమ. మొదటిది రెండోదానికన్నా బాగా ఎక్కువైతే నీరు బయటినుంచి వస్తోందన్నమాట. అది అడుగున ఎక్కువగా ఉండి మీటరు ఎత్తుకల్లా పడిపోతే నేల చెమ్మే. రెండూ సమానమైతే గోడకు మందు అక్కర్లేదు, పూత మారిస్తే చాలు. మొత్తం తేమ 5 శాతం లోపు ఉన్న గోడ జోలికి పోవద్దు.

ముందు గునపం, పార

గోడకు తూట్లు పొడిచే ముందు బయట నేల మట్టం చూడండి. నేల చెమ్మ పైకి రాకుండా పునాది మీద వేసిన డి.పి.సి. (డ్యాంప్ ప్రూఫ్ కోర్స్) పొర నేలకు కనీసం 15 సెం.మీ. ఎత్తున ఉండాలి. ఇల్లు కట్టినప్పుడు ఉండే ఉంటుంది. ఆ తరవాత మట్టి పోశారు, గచ్చు మీద గచ్చు వేశారు, పూలమడి కట్టారు, రోడ్డు ఎత్తు పెరిగింది. డి.పి.సి. మట్టిలో కూరుకుపోయింది. ఇలాంటి చోట మట్టి తవ్వి తీసేస్తే చాలా ఇళ్లకు మరో వైద్యం అవసరం పడదు.

పూత సంగతీ చూడాలి. బయట పూతను డి.పి.సి. మీదుగా నేలదాకా దించేస్తే నీరు గోడను వదిలి పూతలోంచి పొరను దాటేస్తుంది. డి.పి.సి. గీత దగ్గర పూతను గ్రైండరుతో కోసి, కింది భాగం కొట్టేయండి. లోపలి పూత కూడా గచ్చును తాకకూడదు.

నేల దించడం కుదరకపోతే గోడ పక్కన కంకర కాలువ తవ్వాలి. 30 సెం.మీ. వెడల్పు చాలు. అడుగున నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, 100 మి.మీ. తూట్ల పైపును 100కి 1 వాటంతో పెట్టి, చుట్టూ 20 మి.మీ. కడిగిన కంకర నింపి గుడ్డను పైన మడవండి. పైపు నీరు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. పోయే దారి లేని కాలువ గోడ పక్కన నీళ్లు నిలవపెట్టే తొట్టి అవుతుంది. పునాది అడుగు కన్నా లోతుకు ఎప్పుడూ తవ్వకండి, మట్టి జారి గోడ కుంగుతుంది.

చూరు నీళ్లు, వాన గొట్టాలు గోడ మొదట్లో పడుతుంటే వాటినీ మళ్లించండి. గట్టి గచ్చు మీద పడ్డ వాన చిందు గోడను 30 సెం.మీ. పైదాకా తడపగలదు. ఇవన్నీ అయ్యాక ఒక వానాకాలం చూసి, అప్పటికీ చెమ్మ తగ్గకపోతేనే మందు గురించి ఆలోచించండి.

మందు ఎక్కించడం

డి.పి.సి. అసలే లేని, లేదా పాడైపోయిన గోడకు ఇప్పుడు ఎక్కువగా వాడే మందు సైలేన్, సైలాక్సేన్ అనే సిలికాన్ జాతి రసాయనాల క్రీము. ఇది రంధ్రాలను పూడ్చదు. వాటి లోపలి గోడలకు పట్టుకుని నీరు అంటకుండా చేస్తుంది, అందుకే పాకడం ఆగుతుంది. ఆవిరి మాత్రం వచ్చిపోతూనే ఉంటుంది. డబ్బా మీద క్రియాశీల పదార్థం (అంటే ఆ రసాయనాల) శాతం చూసి, అది ఎక్కువున్నదే కొనండి. ఈ క్రీముల్లో ధర తేడా చాలావరకు అక్కడే ఉంటుంది.

తొలిచే గీత అడ్డంగా సాగే మాలు వరసలో ఉండాలి, ఇటుకలో కాదు. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా తెగకుండా సాగేది ఆ మాలు పొర ఒక్కటే. దాన్ని నింపితేనే అడ్డుగీత పూర్తవుతుంది. బయట నేలకు 15 సెం.మీ. పైన, లోపలి గచ్చుకు వీలైనంత దగ్గరగా ఉన్న వరసను ఎంచుకోండి. ముందు అక్కడ పూత కొట్టేసి మాలు వరస కళ్లకు కనపడేలా చేసుకోవాలి. పూత మీద అంచనాకు తొలిస్తే సగం రంధ్రాలు ఇటుకలోకి పోతాయి. కరెంటు తీగలు, పైపులు ఎక్కడున్నాయో డిటెక్టరుతో చూసుకోండి. ముక్కుకు మంచి మాస్కు ఉండాలి, ఇటుక, మాలు దుమ్ములో సిలికా ఉంటుంది.

12 మి.మీ. బిట్, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 12 సెం.మీ. దూరం. లోతు గోడ మందానికి 4 సెం.మీ. తక్కువ: 23 సెం.మీ. గోడకు 19, 35 సెం.మీ. గోడకు 31. ఒంటి ఇటుక గోడ 11 సెం.మీ. ఉంటే 10 దాకా వెళ్లవచ్చు. బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. మందం అంతకన్నా ఎక్కువైతే రెండువైపులనుంచీ తొలవాలి. దుమ్మును గాలి ఊది, బ్రష్షుతో పూర్తిగా తీసేయండి. దుమ్ము మిగిలితే క్రీము దానికే పట్టుకుంటుంది, గోడలోకి పోదు.

క్రీము లెక్క సులువు. 12 మి.మీ. రంధ్రం ప్రతి సెంటీమీటరు లోతుకు 1.13 మి.లీ. పడుతుంది. చివరి సెంటీమీటరు ఖాళీగా వదులుతాం కాబట్టి 19 సెం.మీ. రంధ్రానికి సుమారు 20 మి.లీ. 10 మీటర్ల గోడకు 84 రంధ్రాలు, అంటే 1.7 లీటర్లు. వృథా కలుపుకుని 2 లీటర్లు తెచ్చుకోండి. ఒంటి ఇటుక గోడకు అదే పొడవుకు 1 లీటరు, 35 సెం.మీ. గోడకు 3 లీటర్ల పైచిలుకు కావాలి. పని అయ్యాక ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి. 10 మీటర్ల గోడకు అర లీటరుతో ముగించారంటే రంధ్రాలు నిండలేదన్నమాట.

క్రీము ఎక్కించే గన్ గొట్టాన్ని రంధ్రం చివరిదాకా దూర్చి, నొక్కుతూ నెమ్మదిగా వెనక్కి లాగండి. పైనుంచి నొక్కితే మొదట్లోనే గాలి చిక్కుకుని లోపల ఖాళీ మిగులుతుంది. ఒక రంధ్రం లెక్కకు మించి తాగుతుంటే లోపల డొల్ల ఉంది. పల్చటి సిమెంటు పాలు పోసి గట్టిపడ్డాక మళ్లీ తొలవండి. రాళ్లూ మట్టీ నింపి కట్టిన పాత గోడల్లో ఇది మామూలే. అక్కడ ముందు గోడ నడుమంతా సిమెంటు పాలతోనో సున్నపు పాలతోనో నింపాల్సిందే.

అడ్డ గోడలు, ప్రహరీ కలిసేచోట్లు మరిచిపోకండి. పొర వేయని గోడ పొర వేసిన గోడను తాకుతుంటే చెమ్మ పక్కనుంచి దూరుతుంది. అలాంటి చోట కలిసే గీత వెంట నిలువునా 12 సెం.మీ. దూరంతో మీటరు ఎత్తుదాకా రంధ్రాలు పెట్టాలి. గది గచ్చు ఎత్తులు వేరువేరుగా ఉన్న గోడకూ అంతే.

క్రీము కరిగి మాలులో పరుచుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటికే లోపలున్న నీరు ఆరడానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం కావాలి. పాత లెక్క 25 మి.మీ. మందానికి నెల. 23 సెం.మీ. గోడకు తొమ్మిది నెలలన్నమాట. నెలరోజులకే గోడ ఎండలేదని కంగారు పడనక్కర్లేదు.

చౌడు పట్టిన పూత

మచ్చ పైఅంచుకు కనీసం 30 సెం.మీ. పైదాకా పాత పూతంతా కొట్టేయండి. చౌడు గీతకే ఆగిపోతే పైన మిగిలిన ఉప్పు కొత్త పూతలోకి చేరుతుంది. మాలు సందులను 15 మి.మీ. లోతు గీకి, గోడను వైరు బ్రష్షుతో పొడిగా తోమండి. నీళ్లతో కడగడం పెద్ద పొరపాటు, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. రాలిన చెత్తను అదేరోజు సంచుల్లోకి ఎత్తి దూరంగా పడేయండి. గోడ మొదట్లో కుప్ప పోస్తే వానకు కరిగి తిరిగి అక్కడికే చేరుతుంది.

కొత్త పూతను ఎంత ఆలస్యం చేస్తే అంత మంచిది. గోడ ఒంటిమీద ఏమీ లేకుండా ఉన్నప్పుడే బాగా ఆరుతుంది, పైకి తేలిన చౌడును వారానికోసారి దులిపేయవచ్చు. ఉప్పు మరీ ఎక్కువైతే కాగితపు గుజ్జునో తెల్లటి బంకమట్టినో మంచినీటితో కలిపి 2 సెం.మీ. మందాన గోడకు పట్టించి, పూర్తిగా ఆరాక ఒలిచేయండి. ఆరేటప్పుడు ఉప్పు గుజ్జులోకి వస్తుంది. రెండు మూడుసార్లు చేయాలి.

పూతకు జిప్సం వద్దు, పుట్టీ వద్దు. జిప్సం తేమను పీల్చి మెత్తబడిపోతుంది. ఉప్పును తనలో దాచుకునేలా తయారుచేసిన రెనొవేషన్ ప్లాస్టర్ దొరికితే అదే మేలు. గట్టిపడ్డాక అందులో 40 శాతం పైగా గాలి రంధ్రాలుంటాయి, ఉప్పు వాటిలో స్ఫటికంగా మారినా పూత పగలదు. 20 మి.మీ. కన్నా పల్చగా వేస్తే ఫలితం ఉండదు. అది దొరకకపోతే సిమెంటు 1, సున్నం 1, కడిగిన ఇసుక 6 పాళ్ల మాలు. పాత సున్నపు గోడలకైతే సిమెంటు లేకుండా నీటి సున్నం (హైడ్రాలిక్ లైమ్) 1, ఇసుక 3 పాళ్లు. ఇసుకలో ఉప్పు ఉండకూడదు, సముద్రపు ఇసుక అసలే వద్దు. పూతను గచ్చుకు 5 సెం.మీ. పైన ఆపేసి, ఆ సందును స్కర్టింగ్‌తో కప్పండి.

మొదటి ఏడాది ఆవిరిని ఆపని సున్నం వెల్లో, సిలికేట్ రంగో వేయండి. ప్లాస్టిక్ ఎమల్షన్, ఎనామిల్, వాల్‌పేపర్ వద్దు. పక్కా వాటర్‌ప్రూఫ్ పూత సెల్లారు గోడల్లాంటి నేలలోకి దిగిన గోడలకే, అక్కడ వేరే దారి లేదు కనుక.

మిగతా పద్ధతులు

గోడను వరస వెంట కోసి ప్లాస్టిక్ షీటు దూర్చడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ అదే. మీటరుకు మించని ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి కోయాలి. షీటు అతుకులు 15 సెం.మీ. ఒకదానిమీద ఒకటి పడాలి. సందును రాతి బిళ్లలతో బిగించి, కుంచించుకోని మాలు కుక్కి, అది గట్టిపడ్డాకే పక్క ముక్క కోయాలి. ఇంజనీరు చూడకుండా చేయించకండి. గోడకు బిగించే చిన్న పెట్టెలతో, తీగలు లేని పరికరాలతో చెమ్మ దిగిపోతుందని అమ్మేవాటికి నమ్మదగిన ఆధారం లేదు. వాటితోపాటు పూత కూడా మారుస్తారు కాబట్టి గోడ కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది.

కొత్తగా కడుతుంటే

ప్లింత్ (నేలకు పైన పునాది ముగిసే మట్టం) ఎత్తున గోడ వెడల్పంతా డి.పి.సి.గా 40 మి.మీ. మందాన 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు పరవండి. కంకర 10 మి.మీ. మించకూడదు. వాటర్‌ప్రూఫ్ పొడి సిమెంటు బరువులో 2 శాతం, అంటే 50 కిలోల బస్తాకు కిలో. ఏడు రోజులు తడిపి, పూర్తిగా ఆరాక చదరపు మీటరుకు 1.7 కిలోల చొప్పున కాచిన తారు పూసి, వేడిగా ఉండగానే ఇసుక చల్లండి. తడి మీద పూసిన తారు పట్టుకోదు. మూలల్లోనూ అడ్డగోడల దగ్గరా పొర తెగకూడదు. గచ్చు కింద ఇసుక పరిచి 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు వేసి, అంచులను గోడలోని డి.పి.సి.తో కలపండి. ఈ రెండూ కలవని సందులోంచే కొత్త ఇళ్లలో స్కర్టింగ్ వెనక చెమ్మ మొదలవుతుంది. చుట్టూ 75 సెం.మీ. నుంచి మీటరు వెడల్పున గచ్చును బయటికి 50కి 1 వాటంతో పోయించండి. ఆ గచ్చు పైమట్టం డి.పి.సి.కి 15 సెం.మీ. కిందే ఉండాలి. తరవాత తోట వేసేవాళ్లకు, గేటు ముందు ఎత్తు చేసేవాళ్లకు కనపడేలా ఆ మట్టాన్ని గోడ మీద రంగుతో గీత గీయించి పెట్టండి.